నేల, నటుడు, వెలుగు: అడాల్ఫ్ అప్పియా రంగస్థల జీవితంపై ఒక కేస్ స్టడీ

1923 డిసెంబరు 20న మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా భవనంలో జర్మన్ సంగీతకర్త వాగ్నర్ సంగీత నాటకం ‘ట్రిస్టన్ – ఇసోల్డె’ కొత్త రూపంలో తెర లేచింది. సంగీత నిర్వహణ ఆర్తురో టొస్కనీనిది. రంగాలంకరణ, రంగోద్దీపనం స్విట్జర్లాండ్‌కు చెందిన అడాల్ఫ్ అప్పియా ఆలోచన ప్రకారం జరిగాయి. ఆయనకు అప్పటికి 61 ఏళ్లు. ఈ నాటకాన్ని వేదిక మీద ఎలా నిలబెట్టాలో దాదాపు పాతికేళ్ల ముందే దృశ్యం తర్వాత దృశ్యంగా రాసి అచ్చు వేయించిన మనిషి. అంత గొప్ప సంగీతజ్ఞుడు, అంత పేరున్న వేదిక కలిసి రావడమంటే ఏ రూపకర్తకైనా జీవితంలో ఒక్కసారి దక్కే భాగ్యం. అయినా మిలాన్ ప్రేక్షకులకు అది రుచించలేదు. వేదిక బోసిగా ఉందన్నారు. కంటికి ఏమీ దక్కలేదని పెదవి విరిచారు.

అంతకు పదేళ్ల ముందు, 1913 వేసవిలో, జర్మనీలోని డ్రెస్డెన్ నగర శివారు హెల్లెరావులో గ్లుక్ సంగీత నాటకం ‘ఆర్ఫియస్’ను ప్రదర్శించారు. ఆ మెట్లూ, ఆ వెలుగూ కూడా అప్పియా ఆలోచన నుంచి వచ్చినవే. అక్కడ వేదిక ఇంకా బోసి. గీసిన చెట్టు లేదు, గీసిన గోడ లేదు, చివరికి ముందు తెర కూడా లేదు. ఆ ఏడాది ఉత్సవానికి ఐరోపా నలుమూలల నుంచి రచయితలు, సంగీతకారులు, దర్శకులు తరలివచ్చారు. బెర్నార్డ్ షా, పోల్ క్లోడెల్, అప్టన్ సింక్లెయిర్ వారిలో ఉన్నారు. చూసినవారు దాన్ని ఏళ్ల తరబడి తలుచుకున్నారు.

మనిషి ఒకరే, సూత్రమూ ఒకటే. ఒకచోట పండింది, మరోచోట ఎండిపోయింది. నాటకాలకు వెలుగు అమర్చే పనిలో ఉన్న నాకు ఆధునిక రంగస్థల చరిత్రలో ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న కనబడదు. నా జవాబు ముందే చెప్పేస్తాను. హెల్లెరావులో నేల ఎత్తులు, నటుడి కదలిక, వెలుగు అన్నవి ఒకే చోట కూర్చుని తీసుకున్న ఒకే నిర్ణయం. మిలాన్‌లో అవి మూడు శాఖలు విడివిడిగా చేసిన మూడు పనులు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ మనిషి నడిచిన దారి కొంత తెలియాలి.

బొమ్మ గీసిన తెరతో వచ్చిన చిక్కు

అప్పియా 1862 సెప్టెంబరు 1న జెనీవాలో పుట్టారు. తండ్రి లూయీ అప్పియా శస్త్రవైద్యుడు, 1863లో రెడ్‌క్రాస్‌కు పునాది వేసిన ఐదుగురిలో ఒకరు. ఇల్లు కాల్విన్ మతనిష్ఠకు కట్టుబడినది, నాటకాల ఊసు అంతగా వినిపించనిది. కొడుక్కి నత్తి ఉండేది. నలుగురిలో మాట్లాడడం జీవితాంతం ఆయనకు కష్టంగానే సాగింది. ఈ సంగతికి మిలాన్ కథలో పని ఉంది, గుర్తుంచుకోవాలి.

చదివింది సంగీతం. లైప్జిగ్, పారిస్, డ్రెస్డెన్‌లలో చదువు సాగింది. 1882లో జర్మనీలోని బైరాయిట్‌లో, వాగ్నర్ తన నాటకాల కోసమే కట్టించుకున్న నాటకశాలలో, ఆయన చివరి రచన ‘పార్సిఫాల్’ చూశారు. సంగీతం ఆయనను నిలువునా కదిలించింది. వేదిక మీద కనిపించింది మాత్రం ఆ సంగీతానికి ఏమాత్రం తూగలేదు. అంతటి సంగీతం వెనుక అప్పటి ఐరోపా నాటకశాలలన్నింటిలో ఉండే గుడ్డ తెరలే వేలాడుతున్నాయి.

ఆ పద్ధతి ఎలాంటిదో సురభి నాటకాలు చూసిన తెలుగువారికి వివరించి చెప్పనక్కర్లేదు. వెనుక అడవి గీసిన తెర, పక్కల చెట్లు గీసిన వింగులు, పైన కొమ్మలూ ఆకులూ గీసిన గుడ్డ పట్టీలు. దృశ్యం మారితే తెర మారుతుంది, అడవి పోయి రాజసభ వస్తుంది. సురభి వారి చేతిలో అది ఈనాటికీ ఎంతో అందంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పద్యమూ నటుడి నిలకడా ప్రేక్షకుడికి ఎదురుగా సాగుతాయి. తెర కథాస్థలాన్ని తెలిపి తప్పుకుంటుంది. వాగ్నర్ సంగీతం అలా తప్పుకునేది కాదు. అది పాత్ర మనసు లోపల గంటల తరబడి నడుస్తుంది. ఆ నడకకు గీసిన అడవి తోడు రాలేదు.

అప్పియా పట్టుకున్న చిక్కులు చాలా భౌతికమైనవి. ఆయనను ఊహాలోకంలో తిరిగిన మనిషిగా చూపే పరిచయాలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆయన చెప్పింది వేదిక మీద నిలబడి ఎవరైనా సరిచూసుకోగల సంగతి. నటుడి దేహానికి పొడవు, వెడల్పు, లోతు ఉన్నాయి. తెరకు లోతు లేదు, లోతు ఉన్నట్టు గీశారంతే. దూరంగా కనిపించాలని చిన్నగా గీసిన ఇంటి పక్కకు నటుడు నడిచి వెళితే అతని తల మేడ కిటికీని తాకుతుంది. కొండ గీసిన గుడ్డ నేలకు తగిలేచోట కొండ ఆగిపోయి చెక్క నేల మొదలవుతుంది. కాలు మోపడానికి ఆ కొండలో ఒక్క రాయి లేదు. నటుడి అరికాలికీ, గీసిన ప్రపంచానికీ ఎక్కడా సంబంధం లేదు.

వెలుగు దగ్గరకు వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. గీసిన బొమ్మ సరిగ్గా కనిపించాలంటే దాని మీద అన్ని వైపులా సమానమైన వెలుగు పడాలి. ఏటవాలుగా ఒక దీపం వేస్తే గుడ్డ ముడతలు బయటపడతాయి. అందులోనూ చిత్రకారుడు చెట్టు నీడను ముందే గీసి పెట్టాడు. ఇప్పుడు దీపం ఏ వైపు నుంచి వేసినా ఆ నీడ కదలదు. నటుడికి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అతని ముఖంలో ఎముక, కంటి గుంట, చెంప వాలు కనబడాలంటే వెలుగు ఒక దిక్కు నుంచి రావాలి, ఇంకో దిక్కున చీకటి మిగలాలి. వేదిక అంచున వరసగా ఉండే ఫుట్‌లైట్లు కింది నుంచి కొట్టి ఆ ముఖాన్ని చదును చేస్తాయి. పై నుంచి పడాల్సిన నీడలన్నీ తలకిందులవుతాయి. అంటే తెరకు మేలు చేసే వెలుగు నటుడిని చంపుతుంది, నటుడికి మేలు చేసే వెలుగు తెరను చంపుతుంది. ఒకరికి అన్యాయం జరగాలి. వంద ఏళ్లకు పైగా ఆ అన్యాయం నటుడికే జరిగిందని అప్పియా తేల్చారు.

ఈ తీర్పు ఇవ్వడానికి ముందు ఆయన పని నేర్చుకున్నారు. డ్రెస్డెన్ రాజనాటకశాలలో వెలుగు పరికరాల నిపుణుడిగా పేరున్న హ్యూగో బేర్ దగ్గర చేరి దీపాలు ఎలా పనిచేస్తాయో చూశారు. తర్వాత వియెన్నాలో తెర వెనుక గమనించారు. అప్పటికి ఐరోపాలో విద్యుద్దీపం నాటకశాలల్లోకి వచ్చేసింది. లండన్‌లోని సవాయ్ థియేటర్ 1881లోనే పూర్తిగా కరెంటు దీపాలతో వెలిగింది. కానీ కొత్త దీపాన్ని తెచ్చి పాత గ్యాస్ దీపం ఉన్న చోటే పెట్టి, పాత పనే చేయించారు. బొమ్మకు వెలుగు పరిచారు. ఆ దీపంతో వేరే పని చేయించవచ్చని చూసింది అప్పియా.

రెండు రకాల వెలుగు

ఆయన సిద్ధాంతమంతా 1895లో పారిస్‌లో వచ్చిన చిన్న పుస్తకంలోనూ, 1899లో మ్యూనిక్‌లో జర్మన్ అనువాదంగా వెలువడిన పెద్ద గ్రంథంలోనూ ఉంది. అందులో నాకు అన్నం పెట్టే భాగం ఒకటి ఉంది. వేదిక మీద వెలుగు రెండు రకాలని ఆయన విడదీశారు. ఒకటి అంతటా పరచుకుని, చూపు ఆనేందుకు మాత్రమే ఉపయోగపడే వెలుగు. రెండోది దిక్కు ఉన్న వెలుగు, నీడ వేసే వెలుగు, వస్తువుకూ దేహానికీ రూపం ఇచ్చే వెలుగు. మొదటిది లేకపోతే రెండోది మరీ కరకుగా ఉంటుంది. రెండోది లేకపోతే మొదటిది వట్టి కనబడడమే. ఈ రెంటి పాళ్లు క్షణక్షణానికీ మార్చడమే వెలుగు అమరిక.

మన హాళ్లలో ఇప్పుడు ఎల్‌ఈడీ పార్ క్యాన్లు, డిమ్మర్ బోర్డులు, పొగ యంత్రాలు ఉన్నాయి. ఈ విభజనను దాటి వెళ్లిన పరికరం మాత్రం ఒక్కటీ లేదు. ముందు బారు మీద ఉన్న దీపాలన్నీ సమానంగా ఎత్తి పెట్టి, రంగు మార్చి ‘మూడ్’ వచ్చిందని అనుకునే ప్రదర్శనల్లో జరుగుతున్నది ఏమిటంటే, మొదటి రకం వెలుగుకు రంగు పూయడం. రూపమిచ్చే వెలుగు అక్కడ పుట్టనే లేదు.

ఆయన వేసిన వరస కూడా ముఖ్యమైనదే. అన్నిటికంటే ముందు సంగీతం, అంటే నాటకపు కాలం. దాని నుంచి నటుడి కదలిక. నటుడి కదలికకు తగిన నేల ఎత్తుపల్లాలు. ఆ ఎత్తుపల్లాల మీద వెలుగు. గీసిన బొమ్మ చిట్టచివర, అదీ అవసరమైతేనే. ఆనాటి నాటకశాలల్లో ఈ వరస సరిగ్గా తిరగబడి ఉండేది.

ట్రిస్టన్ రెండో అంకం: ఒక కాగడా

సిద్ధాంతం కంటే ఆయన చేతి పని దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. ట్రిస్టన్ రెండో అంకం. రాత్రి. రాజు వేటకు వెళ్లాడు. ఇసోల్డె ప్రియుడి కోసం ఎదురుచూస్తోంది. వాకిట్లో కాగడా మండుతోంది. అది ఆరితే రావచ్చని సంకేతం. చెలికత్తె వద్దంటున్నా ఇసోల్డె కాగడాను ఆర్పేస్తుంది.

మామూలు రూపకర్త ఇక్కడ ఏం చేస్తాడు? కోట గీస్తాడు, తోట గీస్తాడు, చందమామను వేలాడదీస్తాడు, కాగడాను ఒక మూలన పెడతాడు. అప్పియా అడిగిన ప్రశ్న వేరు: ఈ క్షణంలో ఇసోల్డె కళ్లకు ఏం కనిపిస్తోంది? ఆమెకు తోట అక్కర్లేదు, కోట అక్కర్లేదు. ఆమెకు కనిపించేవి రెండే: మండుతున్న కాగడా, పక్కన ట్రిస్టన్ లేకపోవడం. కాబట్టి ప్రేక్షకుడికీ అంతే కనబడాలి. తెర లేవగానే కాగడా వేదికను ఏలుతుంది. దాని మంట కంట్లో పడి చుట్టూ ఉన్నవి సగం సగమే తెలుస్తుంటాయి. ఆమె కాగడాను ఆర్పిన క్షణంలో ఆ ఒక్క ఆటంకం తొలగిపోయి వేదికంతా మసక వెలుగులోకి జారుతుంది. గోడకూ మెట్టుకూ మనిషికీ మధ్య హద్దులు కరిగిపోతాయి. ప్రేమికులిద్దరికీ స్థలమూ లేదు, కాలమూ లేదు. చివర రాజు మనుషులతో వచ్చినప్పుడు తెల్లవారుతున్న చల్లని పగటి వెలుగు చొరబడుతుంది. అప్పుడు మాత్రమే ప్రేక్షకుడికి అది ఒక వాకిలి అనీ, అక్కడ గోడ ఉందనీ స్పష్టంగా కనబడుతుంది. ప్రేమ విరిగిన చోటే ప్రపంచం కనబడడం మొదలవుతుంది.

దీపాల భాషలో చెప్పుకుంటే ఇందులో ఎన్ని మార్పులున్నాయి? చాలా తక్కువ. పేర్చి చూస్తే ఒక్క కాగితంలో సరిపోయే క్యూ షీటు, అంటే వెలుగు మార్పుల పట్టిక, ఇది. కానీ ప్రతి మార్పుకూ కారణం పాత్ర మనసులో ఉంది. ఆ కారణం లేని వెలుగు మార్పు ఎంత అందంగా ఉన్నా నాటకానికి పరాయిదే.

వాగ్నర్ మరో సంగీత నాటకం ‘సీగ్‌ఫ్రీడ్’లోని అడవి గురించి కూడా ఆయన ఇదే మాట అన్నారు. అడవి ఉన్న భ్రమ కలిగించడం తన పని కాదు. అడవి గాలిలో ఉన్న మనిషి కనబడాలి. ఆకులు గలగలలాడుతుంటే సీగ్‌ఫ్రీడ్ తల ఎత్తి చూస్తాడు. ఆ సమయంలో ప్రేక్షకుడు చూడాల్సింది దారానికి కట్టి ఊపుతున్న గుడ్డ ఆకులను కాదు, కదిలే నీడలు పడుతున్న సీగ్‌ఫ్రీడ్ ముఖాన్ని. చెట్టు ఎక్కడా లేకపోయినా ముఖం మీద చెట్టు నీడ ఉంటే చాలు.

కాగితం మీదే మిగిలిన ఏళ్లు

ఈ గీతలు, ఈ రాతలు బైరాయిట్‌కు చేరాయి. వాగ్నర్ 1883లో పోయారు. నాటకశాల ఆయన భార్య కోసిమా చేతిలో ఉంది. 1876లోనే ‘రింగ్’ (వాగ్నర్ రాసిన నాలుగు సంగీత నాటకాల వరస) ఇక్కడ ప్రదర్శించాం, ఇక కొత్తగా కనిపెట్టాల్సింది ఏముందన్నది ఆమె వైఖరి. భర్త చేసింది చేసినట్టు కాపాడడమే తన కర్తవ్యమని ఆమె నమ్మారు. తలుపు మూసుకుపోయింది. 1903లో పారిస్‌లో ఒక ధనిక మహిళ సొంత నాటకశాలలో చిన్న ప్రయోగం దక్కింది. అంతకు మించి పెద్దగా ఏమీ దొరకలేదు.

1906లో జెనీవాలో ఎమీల్ జాక్ డాల్క్రోజ్ ప్రదర్శన చూడడం పెద్ద మలుపు. డాల్క్రోజ్ సంగీత గురువు. స్వరాల నిడివిని శిష్యుల అడుగుల్లోకి, చేతుల్లోకి తెచ్చే సాధన కనిపెట్టారు. సంగీతానికీ వేదికకూ మధ్య ఉండాల్సిన వంతెన నటుడి దేహమని అప్పియా ఏళ్ల ముందే రాశారు. ఆ దేహాన్ని తయారు చేసే మనిషి ఇప్పుడు ఎదురయ్యారు.

ఆ స్నేహం నుంచే 1909 ప్రాంతంలో ‘లయ స్థలాలు’ అని ఆయన పిలిచిన గీతల వరస పుట్టింది. నాటకం లేదు, కథ లేదు. మెట్లు, వాలు నేలలు, నిలువు స్తంభాలు, అరుగులు, వాటి మీద పడే వెలుగూ నీడా. ఈ గీతలను విద్యార్థులకు చూపినప్పుడు చాలామంది వీటిని గుడి మెట్ల బొమ్మలుగానో, శిథిలాలుగానో చూస్తారు. ఇవి నటుడి కోసం ఎదురుచూస్తున్న నేలలు. రాయి గట్టిగా ఎదురు నిలిచినప్పుడే దేహానికి తన బరువు తెలుస్తుందని, కొలతకు లొంగే సరళరేఖల పక్కనే దేహపు వంపులు మేల్కొంటాయని అప్పియా భావన. మెత్తటి పరుపు మీద నడిచేవాడి నడకలో నాటకం ఉండదు. మెట్టు ఎక్కేవాడి మోకాలిలో ఉంటుంది.

హెల్లెరావు

డ్రెస్డెన్ దగ్గర హెల్లెరావులో కొయ్య సామాను కర్మాగారం చుట్టూ ఒక తోటల ఊరు కట్టారు. వోల్ఫ్ డోర్న్ అనే యువకుడు డాల్క్రోజ్‌ను అక్కడికి రప్పించి, ఆయన సాధన కోసం ఒక విద్యాలయమే కట్టించారు. వాస్తుశిల్పి హైన్రిష్ టెస్సెనో. అప్పియా సలహాతో లోపలి హాలు రూపుదిద్దుకుంది. ఈ వరసను గమనించండి: ఉన్న నాటకశాలలోకి రూపకర్త వెళ్లలేదు, రూపకర్త ఆలోచన చుట్టూ నాటకశాల లేచింది.

హాలులో వేదికను ప్రేక్షకుల నుంచి వేరు చేసే చట్రం లేదు. ఎత్తయిన వేదిక లేదు. ఒక చివర నటులు, ఇంకో చివర వాలుగా పేర్చిన ఆసనాల్లో ప్రేక్షకులు, ఇద్దరి మీదా ఒకటే కప్పు. వాద్యబృందాన్ని నేలలోకి దించేశారు. విడివిడిగా పేర్చుకోగల అరుగులూ మెట్లూ నేలకు ఏ ఆకారమైనా ఇవ్వగలవు.

వెలుగు బాధ్యత టిఫ్లిస్ (నేటి జార్జియా రాజధాని ట్బిలిసి) నుంచి వచ్చిన చిత్రకారుడు అలెగ్జాండర్ ఫాన్ జాల్ట్స్‌మన్‌ది. ఆయన చేసింది తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు పులకరిస్తుంది. గోడలకూ కప్పుకూ తెల్లని నార గుడ్డ కట్టారు. ఆ గుడ్డను మైనంలాంటి పదార్థంతో పదును పెట్టి వెలుగు జల్లెడలా మార్చారు. దాని వెనుక వేల సంఖ్యలో బల్బులు. అన్నిటి అదుపూ ఒకే మీటల బల్ల దగ్గర, ఒకే మనిషి చేతిలో. బల్బు ఎక్కడా కనబడదు. నీడ పడే చోటు కనబడదు. హాలంతా తనంతట తానే వెలిగినట్టు, మసకబారినట్టు ఉంటుంది. అప్పియా చెప్పిన మొదటి రకం వెలుగు, పరచుకునే వెలుగు, ఇంత శుద్ధంగా అంతకు ముందెన్నడూ ఎవరి చేతికీ అందలేదు. రూపమిచ్చే దీపాలు దీనికి తోడయ్యాయి. పైగా ఆ అదుపు బల్ల దగ్గర ఉన్న మనిషి పక్కనే సంగీతం వింటూ, శిష్యులు మెట్లెక్కే సాధనను రోజూ చూస్తూ ఉన్నవాడు.

1912 వేసవిలో ‘ఆర్ఫియస్’ రెండో అంకం, 1913లో మొత్తం నాటకం ప్రదర్శించారు. భార్యను వెతుక్కుంటూ ఆర్ఫియస్ యమలోకానికి దిగే ఘట్టం. మామూలుగా అయితే మంటలు గీసిన గుహ ఉంటుంది. హెల్లెరావులో ఉన్నది నిటారుగా పైకి లేచిన మెట్ల వరస మాత్రమే. పై మెట్టు మీద, వెలుగులో, ఆర్ఫియస్ పాత్రధారిణి ఎమ్మీ లైస్నర్ కనిపిస్తుంది. కింద చీకట్లో మెట్లంతటా నల్లటి దుస్తుల్లో యమలోకపు కాపలా శక్తులు. ఆర్ఫియస్ పాడుతూ ఒక్కో మెట్టు దిగుతుంటే వాళ్లు ఎదురొస్తారు, అడ్డుపడతారు. పాట లోతుకు పోయేకొద్దీ మెత్తబడతారు. దారి ఇస్తారు.

ఈ ఘట్టాన్ని పనివాడి కన్నుతో విడదీసి చూడండి. వెలుగు పైన, చీకటి కింద. ఆర్ఫియస్ తనంతట తానుగా వెలుగును వదిలి చీకట్లోకి దిగుతున్నాడు. అది ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, కళ్ల ముందు మెట్టు మెట్టుగా జరుగుతోంది. నేల చదునుగా ఉంటే ఈ వెలుగుకు అర్థం లేదు. వెలుగు సమానంగా ఉంటే ఈ మెట్లకు అర్థం లేదు. డాల్క్రోజ్ శిష్యుల దేహాలు సంగీతంతో పెరగకపోతే రెంటికీ అర్థం లేదు. తర్వాత వచ్చే పుణ్యాత్ముల లోకానికి అప్పియా గీతల్లో మెట్టు అంచులు మాయమై వాలు నేలలు వస్తాయి. కాలు ఎక్కడా తట్టుకోదు, వెలుగు ఎక్కడా కోసుకుపోదు. ప్రేమదేవత మనిషి రూపంలో రానే రాదు, వెలుగుగానూ గొంతుగానూ వస్తుంది.

1914 ఫిబ్రవరిలో డోర్న్ మంచు మీద జారే ఆటలో ప్రమాదానికి గురై చనిపోయారు. వేసవిలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్‌లోని రీమ్స్ చర్చి మీద జర్మన్ ఫిరంగుల దాడిని ఖండిస్తూ డాల్క్రోజ్ సంతకం చేశారు. ఇక జర్మనీకి తిరిగి వెళ్లే దారి లేకపోయింది. అంతా కలిపి రెండు వేసవులు.

మిలాన్, బాసెల్

ఇప్పుడు మిలాన్‌కు తిరిగి వద్దాం. లా స్కాలాకు సొంత చిత్రకారులు, సొంత వడ్రంగులు, సొంత వెలుగు సిబ్బంది ఉన్నారు. తరాల నుంచి గీసిన తెరల మీద పెరిగిన సంప్రదాయం అది. ట్రిస్టన్ పక్కనే మిగతా ఒపెరాలూ అదే వేదిక మీద నడవాలి. దర్శకుడు వేరు. గాయకులు పేరున్నవారు, కానీ డాల్క్రోజ్ శిష్యుల్లా మెట్ల మీద దేహాన్ని సాధన చేసినవారు కారు. అప్పియా ఆరోగ్యం అంతంతమాత్రం, పరాయి భాష, దానికి తోడు నత్తి. గదమాయించి పని చేయించుకునే స్వభావమూ కాదు.

ప్రదర్శన విఫలం కావడానికి ప్రేక్షకుల అలవాటే కారణమని చాలామంది రాస్తారు. అది సగం నిజం. నా అంచనాలో అసలు దెబ్బ ఇంకో చోట తగిలింది. మిలాన్ వేదిక మీదికి చేరింది అప్పియా గీతలు మాత్రమే. గీతలోని బోసితనాన్ని వడ్రంగులు తు.చ. తప్పకుండా కట్టగలరు. ఆ బోసితనాన్ని నింపాల్సిన వెలుగు గంటల తరబడి, సంగీతంతో పాటు కదలాలి. దాన్ని నడిపే చేతికి ఆ నాటకం కంఠతా రావాలి. అది లేనప్పుడు మిగిలేది బూడిద రంగు అరుగులూ, వాటి మీద నిలబడి పాడే గాయకులూ. ప్రేక్షకులు బోసిగా ఉందంటే వాళ్ల తప్పు ఏముంది? వాళ్లకు నిజంగానే సగం నాటకం అందలేదు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగర నాటకశాలలో యువ దర్శకుడు ఓస్కర్ వెల్టర్లిన్ అప్పియాను గురువుగా భావించి ‘రింగ్’ మొత్తాన్ని చేయబోయారు. చిన్న ఊరు, శ్రద్ధ గల బృందం. హెల్లెరావు తర్వాత సరైన పొత్తు దొరికింది ఇక్కడే. 1924 చివర ‘రైన్‌గోల్డ్’, 1925 మొదట్లో ‘వాల్కూరె’ వచ్చాయి. అయితే వాగ్నర్ అభిమానుల్లో ఒక వర్గం పత్రికల్లో గగ్గోలు పెట్టింది. నాటకశాల యాజమాన్యం వెనక్కి తగ్గింది. మిగతా రెండు నాటకాలు రాలేదు. అప్పియా 1928 ఫిబ్రవరి 29న న్యోన్‌లో కన్నుమూశారు.

1951లో బైరాయిట్ మళ్లీ తెరుచుకున్నప్పుడు కోసిమా మనవడు వీలాండ్ వాగ్నర్ వేదిక మీది గుడ్డా అట్టా అంతా ఊడ్చేసి, వలయాకారపు నేలనూ వెలుగునూ మాత్రమే ఉంచి ‘పార్సిఫాల్’ చేశారు. ఆ ఫొటోలను అప్పియా గీతల పక్కన పెట్టి చూస్తే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

మన హాళ్లకు పనికొచ్చేది

తెలుగు నాటక పోటీల్లో పని ఎలా జరుగుతుందో తెలిసినవారికి మిలాన్ కథ పరాయిగా అనిపించదు. నాటకం సిద్ధమవుతుంది. సెట్ ఒకచోట తయారవుతుంది. వెలుగు మనిషి ప్రదర్శన రోజున వస్తాడు, చాలాసార్లు ఆ రోజే మొదటిసారి నాటకం చూస్తాడు. హాలు దొరికేది కాసేపే, ముందు నాటకం సెట్ విప్పుతుండగానే మన సెట్ ఎక్కాలి. ఈ పరిస్థితిలో మొదటి రకం వెలుగు తప్ప రెండోది సాధ్యం కాదని చాలామంది సర్దుకుపోతారు. నేను ఒప్పుకోను. రూపమిచ్చే వెలుగుకు దీపాల సంఖ్యతో పని లేదు. ఎక్కడ నిలబడాలో ముందే తేలిన నటుడు, అతని కాలి కింద ఒక ఎత్తు, పక్క నుంచి ఒక మంచి దీపం ఉంటే మొదలుపెట్టవచ్చు. అందుకే పోటీ నాటకాలకు నన్ను పిలిచినప్పుడు రిహార్సల్ గదికి ముందు వెళ్లి, సుద్దముక్కతో నేల మీద ఎత్తులు గీసి, దర్శకుడితో కూర్చుని, ఎవరు ఎక్కడ నిలబడతారో తేలిన తర్వాతే దీపాల సంగతి ఎత్తుతాను. ఒక్క మెట్టు, అరడుగు ఎత్తు చాలు. దాని మీద తండ్రి నిలబడి, కింద కొడుకు నిలబడి, వెలుగు తండ్రి వెనుక పక్క నుంచి వస్తే తండ్రి నీడ కొడుకు మీద పడుతుంది. ఆ నీడ కోసం ఎవరూ అదనంగా డబ్బు అడగరు.

అప్పియాను నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. ఆయన వేదికలో నవ్వుకు చోటు తక్కువ. వంటిల్లు, మంచం, బియ్యం డబ్బా, అద్దె ఇంటి గోడ మీది క్యాలెండరు లాంటి వస్తువుల్లో ఉండే నాటకం ఆయనకు పట్టలేదు. మన సాంఘిక నాటకాలు ఆ వస్తువుల మీదే బతుకుతాయి. పద్య నాటకానికి, పురాణ ఘట్టానికి ఆయన బాగా అమరుతారు. మధ్యతరగతి ఇంటి నాటకానికి ఆయన నుంచి తీసుకోవాల్సింది మెట్లు కాదు, ప్రశ్న: ఈ క్షణంలో ఈ పాత్రకు ఏం కనిపిస్తోంది?

వెలుగు నేర్చుకోవడానికి వచ్చేవారికి నేను మొదట ఇచ్చే పని ట్రిస్టన్ రెండో అంకం. దీపం పేరు, రంగు కాగితం నంబరు, డిమ్మర్ శాతం రాయడానికి వీల్లేదు. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయమంటాను. ఎడమవైపు ఇసోల్డె చూస్తున్నది, కుడివైపు ఇసోల్డె చూడలేకపోతున్నది. అంకం చివరి దాకా రాయాలి. రాయడం పూర్తయ్యాక అదే కాగితాన్ని తమకు తెలిసిన ఏదో ఒక తెలుగు నాటకంలోని ఒక ఘట్టానికి మళ్లీ రాయమంటాను. కుడివైపు గడి ఖాళీగా తెచ్చిన వారికి దీపాల గదిలోకి ఇంకా సమయం రాలేదు. నిండుగా తెచ్చిన వారికి ఆ రోజే బోర్డు దగ్గర కుర్చీ వేస్తాను.